కుర్చీ తెచ్చి వేశారు

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. మోకాళ్ళ వాపు తీసింది. ఎర్రమట్టి అంటిన చీర మాత్రం రెండు ఉతుకులకీ దారికి రాలేదు. మరకతోపాటు మాటలూ వదిలిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

దూబగుంట నుంచి హైదరాబాద్ మీదుగా జహీరాబాద్ దాకా తిరిగొచ్చింది నేనూ, మా మేనకోడలూ. అది పీజీ చేస్తోంది. ఆడవాళ్ళు సొంతంగా నడుపుకున్న బడులు, పత్రికలు, రేడియోల మీద ప్రాజెక్టు రాయాలట. "అత్తా, ఒక్కదాన్నే అంటే నాన్న పంపడు, నువ్వు తోడు రావా" అంది. పోయినేడు టీచరు ఉద్యోగానికి స్వచ్ఛంద విరమణ ఇచ్చేశాక నాకూ ఒంగోల్లో వంటగదికీ డాబాకీ మధ్య తిరగడమే పనైంది. సరే అన్నాను. ఎవరికి ఎవరు తోడో రెండో రోజుకే తేలిపోయింది. లెక్కలు, మ్యాపులు, బేరాలు అన్నీ దానివే. నా వంతు నీళ్ళ సీసా మోయడం.

డిసెంబర్ 18, బుధవారం, దూబగుంట

సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన ఊరు ఇది. మొదట దూబగుంటే వెళ్ళాలని పట్టుబట్టింది నేను. దానికి నా కారణం నాకుంది.

1991లో నాకు పద్దెనిమిదేళ్ళు. నెల్లూరు జిల్లా అంతా సంపూర్ణ అక్షరాస్యత అంటూ ఊగుతున్న రోజులు. కావలి దగ్గర మా ఊళ్ళో రాత్రి బడికి వాలంటీరుగా పేరిచ్చాను. జీతం లేదు. ఒక లాంతరు, పలకలు, సుద్దముక్కలు, వాచకాలు ఇచ్చారు. తర్వాత వచ్చిన వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉండేది. తాగుబోతు మొగుడి వల్ల బతుకు చెడిన ఆడమనిషి కథ. ‘సారా’ రాయడం తేలిక, రెండక్షరాలు, రెండు దీర్ఘాలు. ‘ప్రభుత్వం’ దగ్గరే అందరూ ఆగిపోయేవాళ్ళు. ఆ పాఠం చెప్పిన రాత్రి మా బడిలో ఎవరూ మాట్లాడలేదు. నేను పాఠం బాగా కుదిరిందనుకున్నాను. పద్దెనిమిదేళ్ళ తెలివి!

కావలి నుంచి కలిగిరి బస్సు. దారి పొడుగునా పొగాకు చేలు, మధ్యలో నిమ్మతోట ఒకటి. కలిగిరిలో దిగి ఎర్రకారం పూసిన దోశ తిన్నాం, రెండు దోశలూ రెండు టీలూ కలిపి 90 రూపాయలు. కారం మా నెల్లూరు వైపు వాళ్ళకే తగును. ఒంగోల్లో పుట్టిన మేనకోడలికి కళ్ళనీళ్ళొచ్చాయి. హోటలామె నవ్వుతూ, అడక్కుండానే గరిటెడు నెయ్యి వేసింది. బస్టాండుకి కాస్త ఎడంగా కొత్త మందు షాపు, బయట 99 రూపాయల క్వార్టర్ బోర్డు. ఆ బోర్డు పక్కనే నిలబడి "దూబగుంటకి ఆటో ఎక్కడ?" అని అడగాల్సి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. నాకే ఏదోలా అనిపించింది.

ఊళ్ళో స్మారకాలో శిలాఫలకాలో వెతుక్కుంటూ తిరగలేదు మేము. ఒక వేపచెట్టు కింద అరుగు మీద ఇద్దరు ముసలమ్మలు చింతపండు గింజలు తీస్తూ కనిపించారు. పక్కనే చేరి మేమూ గింజలు తీశాం. ఆ ఉద్యమం నడిపిన వర్ధినేని రోశమ్మ పేరు ఎత్తగానే పెద్దావిడ చెయ్యి ఆగింది.

"రోశమ్మ ఉన్నెప్పుడు జీపులొచ్చేయి, పోటోలోళ్ళొచ్చేవాళ్ళు. ఆమె పోయినాక ఎవురొస్తారుమా?"

మా మేనకోడలు నోటుబుక్కు తీసి, పుస్తకాల్లో రాసిన ప్రశ్నే వేసింది: సీతమ్మ పాఠం చదివాకే మీరంతా లేచారట కదా?

"పాఠం మంచిదే. ఆ పాఠం లేకపోయినా ఒకనాటికి జరగాల్సిందేలే. కూలి డబ్బులు సందేళకి వాడి లుంగీలో ఉండేయి. పిల్లకాయలకి గంజి ఉండేది కాదు. మామూలుగా రాత్రిపూట ఆడోళ్ళం ఒకచోట చేరితే ఊరుకుంటారా? బడి కాబట్టి ఊరుకున్నారు. కలెక్టరే చెప్పె గదా, పొమ్మన్నారు. అక్కడ కూర్చుంటే అన్నీ బయటికొచ్చేయి."

ముప్ఫై మూడేళ్ళు నేను ఆ రాత్రి బడిని అక్షరాల బడి అనే అనుకున్నాను. నేను ‘అ’ దిద్దిస్తున్నంతసేపూ లాంతరు వెలుగు అందని వెనక వరసలో ఏం మాట్లాడుకునేవాళ్ళో, ‘గోల చెయ్యకండి’ అని ఎన్నిసార్లు కసిరానో గుర్తొచ్చింది.

ఆ తర్వాతిది అందరికీ తెలిసిందే. ఊళ్ళో సారా అంగడి మూయించారు. దూబగుంట కథే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్ళ బడులకి వెళ్ళింది. అంటే పుస్తకంలోంచి ఊళ్ళోకి వచ్చింది మళ్ళీ పుస్తకంలోకి పోయి ఇంకో ఊళ్ళో తేలింది. 1992లో జిల్లా సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. వాచకాల్లోంచి ఆ పాఠాలు అంతకంటే ముందే మాయమయ్యాయి.

లేవబోతుంటే చిన్నావిడ మేనకోడలి నోటుబుక్కు లాక్కుని తన పేరు రాసి చూపించింది. ఒక్కో అక్షరం రూపాయి బిళ్ళంత. వత్తు ఒకటి ఎగిరిపోయింది. ముప్ఫయ్యేళ్ళ అలవాటు, నా చెయ్యి పెన్ను వైపు వెళ్ళింది. మేనకోడలు నా మోచెయ్యి పట్టుకుంది.

డిసెంబర్ 20, శుక్రవారం, హైదరాబాద్

ముందురోజే పుస్తక ప్రదర్శన మొదలైంది, ఎన్టీఆర్ స్టేడియంలో. మేం వెళ్ళేసరికి ఇంకా మేకులు కొడుతున్న చప్పుడు. మొదట దొరికిన స్టాల్లో "ఆడవాళ్ళ పుస్తకాలు ఎక్కడున్నాయి?" అని అడిగాను. నా అడగడంలోనే తప్పుంది, ఒప్పుకుంటాను. ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా, "వంటలు, ముగ్గులు ఆ చివర ఉన్నాయమ్మా" అన్నాడు. మేనకోడలు అరగంటసేపు నవ్వింది. చివరికి వెళ్ళి ముగ్గుల పుస్తకం ఒకటి కొన్నాను కూడా, 40 రూపాయలు. నెల తిరిగితే సంక్రాంతి, ఎందుకు మానాలి?

నేను వెతుకుతున్నది ‘మనకు తెలియని మన చరిత్ర’. మొదటిసారి 1986లో వచ్చింది. స్త్రీ శక్తి సంఘటన అనే ఆడవాళ్ళ బృందం వాళ్ళు టేప్ రికార్డర్ పట్టుకుని, తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టే ఎక్కించారు. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కమలమ్మ, దూదాల సాలమ్మ. నాయకుల పుస్తకాల్లో ఒక పేరాలో అయిపోయేవాళ్ళు ఇందులో పేజీలకి పేజీలు మాట్లాడతారు. పోరాటం ఆగాక ‘ఇక ఇళ్ళకి పొండి’ అన్నప్పుడు ఏమనిపించిందో, దళంలో ఉండగా పుట్టిన బిడ్డ ఏమైందో చెబుతారు. కమలమ్మ బిడ్డ సంగతి నేను రెండోసారి చదవలేను. మేనకోడలు అక్కడే స్టాలు ముందు నిలబడి చదువుతూ ఉండిపోయింది. స్టాలు పెద్దాయన ఏమీ అనకుండా ఒక స్టూలు జరిపారు.

ఇదే ఊళ్ళో 1985లో అన్వేషి అనే స్త్రీల పరిశోధన కేంద్రం మొదలైంది, 1993 నుంచి భూమిక అనే స్త్రీవాద పత్రిక వస్తోంది. పత్రికకి వచ్చే ఉత్తరాల్లో కథలూ కవితలూ కాక ‘ఇంట్లో కొడుతున్నాడు, ఏం చెయ్యమంటారు’ అన్నవి ఉంటే ఏ సంపాదకురాలైనా ఏం చేస్తుంది? భూమిక వాళ్ళు 2006లో హెల్ప్‌లైన్ పెట్టారు. పత్రిక నడిపేవాళ్ళు ఫోను ఎత్తడం! ఉద్యోగంలో ఉండగా ఆ నంబరు మా స్టాఫ్‌రూమ్ బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉంచాను. బయటివైపు అంటించే ధైర్యం లేకపోయింది.

ఇంకోటీ చెప్పాలి. పెళ్ళైన కొత్తలో ‘సవాలక్ష సందేహాలు’ అనే పుస్తకం బెజవాడలో పాత పుస్తకాల బండి మీద దొరికింది. ఆడవాళ్ళ ఒంటి సంగతులు దాపరికం లేకుండా మామూలు తెలుగులో చెప్పిన పుస్తకం. అత్తగారికి కనపడకుండా దానికి పేపరు అట్ట వేసి పైన ‘పదో తరగతి సాంఘికశాస్త్రం’ అని రాశాను. ఆవిడ పోయాక బట్టల పెట్టె సర్దుతుంటే అడుగున దొరికింది, పేజీల మధ్య ఆవిడ కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ. నేను ఎప్పుడో పోయిందనుకున్న పుస్తకం అది.

సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. పుస్తకాలకి 1,150. నీళ్ళ సీసాతోపాటు ఆ సంచీ కూడా నాదే.

డిసెంబర్ 21, శనివారం, జహీరాబాద్

ముంబై రోడ్డు మీద నూరు కిలోమీటర్లు దాటాక జహీరాబాద్. ఎక్స్‌ప్రెస్ బస్సులో నలభైమంది ఆడవాళ్ళు, అందరికీ సున్నా టికెట్టు. కండక్టరమ్మ నా ఆధార్ చూసి, "ఆంధ్రది నడ్వదమ్మా, పైసలియ్యాలె" అంది. ఇద్దరికీ 300 పైనే అయింది. పక్క సీటామె నా వైపు జాలిగా చూసి జామకాయ ఇచ్చింది. "ముందుగాల మా ఆయన పైసలిస్తనే అమ్మగారింటికి పోతుంటి. ఇప్పుడు ఆధార్ పట్టుకుని పోతున్న" అంది. ఎక్కడికి, ఎందుకు, పిల్లలెందరు, కులమేంది, అన్నీ సదాశివపేట దాటేలోపు అడిగేసింది. నేనూ చెప్పేశాను. మా వైపు ఇదే ప్రశ్నని ‘ఇంటి పేరేంటండీ’ అని వంకర దారిలో అడుగుతాం.

లాడ్జిలో గది దొరకడం కష్టమైంది. మొదటి చోట కౌంటర్లో కుర్రాడు, "మగవాళ్ళెవరూ రాలేదా?" అని రెండుసార్లు అడిగి, గదులు లేవన్నాడు. వెనక గోడకి తాళాలు వరసగా వేలాడుతున్నాయి. రెండో చోట ఇచ్చారు, 900 రూపాయలు. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఏడింటి దాకానే.

రాత్రి భోజనం రోడ్డు పక్క రొట్టెల కొట్లో. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒకామె చేత్తో తట్టి పెనం మీద వేస్తుంది, ఇంకొకామె నీళ్ళు అద్ది తిప్పుతుంది. జొన్నరొట్టె 20 రూపాయలు. పుండికూర పప్పు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తొక్కు ఎంతయినా వేస్తారు. పుండికూర అంటే గోంగూరే. "గోంగూర పప్పు బాగుంది" అని నేనంటే, "గది పుండికూర" అని సరిదిద్దింది. ఇక్కడ తెలుగులోకి కన్నడం, ఉర్దూ వచ్చి కూర్చుంటాయి. అరగంట దూరంలో బీదరు. నా తెలుగు విని, "సినిమాల తీరు మాట్లాడుతున్నవ్" అంది చిన్నామె. అది మెప్పా కాదా అన్నది ఇప్పటికీ తేలలేదు.

డిసెంబర్ 22, ఆదివారం, పస్తాపూర్

ఊరి అంచునే పస్తాపూర్. 1983లో పి.వి. సతీశ్, మరికొందరు కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలుపెట్టింది ఈ చుట్టుపక్కలే. ఆయన టీవీ కార్యక్రమాలు తీసిన మనిషి, 2023లో పోయారు. పల్లె పల్లెకీ ఆడవాళ్ళ సంఘాలు. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, అరెకరం ఎకరం బీడు భూమి ఉన్నవాళ్ళు. ఇంతవరకూ పుస్తకాల్లో చదివి వచ్చాను.

బస్సులో జామకాయ ఇచ్చినామె చెప్పిన గుర్తులతో ఒక సంఘం మనిషి ఇంటికి చేరాం. డెబ్భై దాటి ఉంటుంది. లోపల్నుంచి నీలం ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, వాకిట్లో వేసింది. నేను కూర్చున్నాను. నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి కింద గోడవార కూర్చున్నారు. మేనకోడలు ఎప్పుడు కింద కూర్చుందో నేను చూడలేదు.

పుస్తకం తెరిచి అడగడం మొదలుపెట్టాను. సంఘంలో ఎప్పుడు చేరారు? అప్పట్లనే. ఎలా ఉండేది? మంచిగుండె. ఇబ్బందులేమైనా? ఏముంటయ్. పదిహేను నిమిషాల్లో నా ప్రశ్నలు అయిపోయాయి. పుస్తకంలో నాలుగు లైన్లు.

అప్పుడు మూలన కూర్చున్న ఒకామె, వీళ్ళలో వీడియో తీయడం నేర్చుకున్నామె, రెండు చేతుల వేళ్ళతో చతురం పట్టి నా వైపు చూసింది. "పిల్లా, నువ్వు గీడికొచ్చి సూడు" అని మేనకోడల్ని పిలిచింది. "మీ అత్త గట్ల మీదికెల్లి చూస్తున్నది, మేం గిట్ల కింద. గిదేందో ఎరుకేనా? గిది పటేల్ షాట్."

అందరూ పగలబడి నవ్వారు. నాకు అర్థం కాలేదు. తర్వాత విడమరిచి చెప్పింది. తొంభయ్యవ దశకం చివర్లో ఇక్కడ కొందరు సంఘం ఆడవాళ్ళు కెమెరా నేర్చుకున్నారు. చాలామందికి చదవడం రాయడం రాదు. కెమెరా పాఠాల్లో ఇంగ్లీషు మాటలు నోరు తిరగవు. తమకు తెలిసిన బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్, దొర కూలోళ్ళని చూసినట్టు. కిందినుంచి పైకి చూస్తే బానిస షాట్. ఎదురుబొదురు కూర్చుని కళ్ళలోకి చూసినట్టుంటే సంఘం షాట్. వీళ్ళు తీసేవన్నీ వీలైనంతవరకూ సంఘం షాట్లేనట. ఇట్లాంటి ఆడవాళ్ళే వరంగల్ వెళ్ళి, 2002 ఖరీఫ్‌లో జన్యువులు మార్చిన బీటీ పత్తి వేసిన రైతుల చేలల్లో నెల నెలా కెమెరా పెట్టారు. కంపెనీ చెప్పింది ఒకటి, చేలో కనపడింది ఇంకొకటి అని చూపించిన సినిమా అది. ఆ తర్వాత ఆఫ్రికా దాకా వెళ్ళి అక్కడి పత్తి రైతులనీ తీశారు.

మా నాయనమ్మ అరుగు గుర్తొచ్చింది. ఆవిడ అరుగు మీద, కోతకొచ్చిన మాలపల్లె ఆడవాళ్ళు వీధిలో. మాట్లాడాలంటే వాళ్ళు తలెత్తాలి. మజ్జిగ పైనుంచి దోసిట్లోకి పోసేది. రాత్రి బడిలో నేను కూర్చున్నది కూడా ఎత్తు పీట మీదే, మా ఇంట్లోంచే తీసుకెళ్ళేదాన్ని. కాబట్టి నవ్వు రాలేదు. కానీ ఏడుపు మొహం పెట్టుకోవడం కూడా అక్కడ అతిథి వేషాలే అవుతుంది. కుర్చీ దిగి చాప మీద కూర్చున్నాను.

మాటలు అప్పుడు వచ్చాయి. ప్రశ్నలు వాళ్ళవి.

"నీకు భూమున్నదా?"

ఉంది, అన్నాను. మా ఆయనకి రెండెకరాలు.

"నీకా, ఆయనకా?"

ఆయనకి.

"ఇల్లో?"

ఇల్లు కట్టింది నా జీతం మీద తెచ్చిన లోనుతో. కాగితం ఎవరి పేరు మీద ఉందో చెప్పడానికి నాకు కాసేపు పట్టింది. వాళ్ళెవరూ ఏమీ అనలేదు. నీలం కుర్చీ తెచ్చినామె, "నాకు ముప్పావెకరం. పట్టా నా పేరు మీదనే" అని, లేచి లోపలికి వెళ్ళి పొయ్యి చూసింది. మేనకోడలు ఆ సంగతి నోటుబుక్కులో రాసుకుంటుంటే, "నాది రాయకు" అన్నాను. రాసింది.

మధ్యాహ్నం అక్కడే తిన్నాం. కొర్రబువ్వ, శనగాకు కూర, కుసుమ నూనెతో కలిపిన తొక్కు. శనగాకు లేత చిగుళ్ళు గిల్లి, కాస్త పప్పేసి, వెల్లుల్లి దంచి వేసింది. పులుపు ఆకులోనే ఉంటుంది. డబ్బులిస్తానంటే ఒప్పుకోలేదు. మళ్ళీ అడిగితే కోపం వచ్చింది. ఊరుకున్నాను.

తిన్నాక చేలోకి తీసుకెళ్ళింది. ఎర్రనేల పక్కన నల్లమట్టి చెలక. తెల్లజొన్న మోకాళ్ళు దాటి ఉంది, మధ్య సాళ్ళలో శనగ, కుసుమ, అవిశె. నీళ్ళు పెట్టరా అంటే, మంచు చాలన్నది. ఈ యాసంగి పంటలకి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘సత్యం పంటలు’. వానా లేదు, బోరూ లేదు, యూరియా లేదు, రాత్రి పడే మంచుతోనే పండుతాయి కాబట్టి సత్యం. అడుగు ముందుకేస్తే మడమ తడిసింది, పన్నెండు దాటినా ఆకుల అడుగున ఇంకా మంచు ఉంది.

చీకటి గదిలో విత్తనాల గుమ్మి. వెదురు బుట్ట, లోపలా బయటా పేడా మట్టీ కలిపి అలికింది. మూతి మూసి మళ్ళీ మట్టి మెత్తింది. పక్కన చిన్న చిన్న కుండలు, వేపాకు, బూడిద. సామలు, కొర్రలు, తైదలు, సజ్జలు. తైదలంటే రాగులు. ఈమధ్య సంఘం బడి పిల్లలకి విత్తనాలన్నీ పేర్లతో నేర్పుతున్నారట. నా తెలుగు ఎమ్మే అంతా కలిపినా అందులో సగం పేర్లు నాకు రావు. సంఘంలో విత్తనం అమ్మరు. ఒక సోలెడు తీసుకుంటే పంట వచ్చాక రెండు సోలలు తిరిగి పోయాలి. సంక్రాంతి నుంచి నెల రోజులు ఈ విత్తనాలే ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరుగుతాయి, పాత పంటల జాతర అని. బండ్లకి రంగులు ఎవరు వేస్తారన్న దాని మీద అప్పుడే వాకిట్లో తగువు నడుస్తోంది.

బయల్దేరుదామంటే నా మోకాళ్ళు లేవలేదు. ఇద్దరు చెరో రెక్కా పట్టి లేపారు. "సంఘం షాట్‌కు మోకాళ్ళు గావాలె" అంది కెమెరా ఆమె.

డిసెంబర్ 23, సోమవారం, మాచ్‌నూర్

రేడియో ఉన్న మాచ్‌నూర్ వెళ్ళాల్సింది ఝరాసంగం వెళ్ళాం. షేర్ ఆటో అతను మమ్మల్ని చూసి, గుడికే అనుకున్నాడు. మేనకోడలు ఫోన్లో నీలం చుక్క అడ్డదారిన పోతుంటే చూస్తూనే ఉంది కానీ, "అన్నకి తెలీదా ఏంటి" అని ఊరుకుంది. కేతకీ సంగమేశ్వరుడి గుడి ముందు దిగబెట్టి మనిషికి 30 తీసుకున్నాడు. శివుడికి మొగలిపువ్వు పనికిరాదంటారే, ఇక్కడ మొగలిపువ్వుతోనే పూజ. శాపం పెట్టిన స్వామే ఒక చోట దాన్ని నెత్తిన పెట్టుకున్నాడన్నమాట. దణ్ణం పెట్టుకుని, కొబ్బరిచిప్ప తింటూ ఇంకో ఆటోకి 150 ఇచ్చి వెనక్కి మాచ్‌నూర్ వచ్చాం.

ఈ సంఘాల ఆడవాళ్ళే నడిపే సంఘం రేడియో, 90.4 ఎఫ్‌ఎం. చిన్న భవనం, ఎత్తైన టవరు. చెప్పులు బయట విడవాలి, అందరికీ అదే రూలు.

ఈ రేడియో కథలో నాకు నచ్చింది దాని ఓపిక. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది 1995లో. ఇక్కడ యునెస్కో సాయంతో స్టూడియో లేచింది 1998లో. లైసెన్సు మాత్రం రాలేదు. పదేళ్ళు వీళ్ళు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు చేత పట్టుకుని సంఘాలకి తీసుకెళ్ళి వినిపించారు. రేడియో ఉంది, గాలి లేదు. 2006లో కేంద్రం నియమాలు మార్చింది, 2008 అక్టోబర్ 15న గాలిలోకి వచ్చింది. ఆ రోజు గ్రామీణ మహిళల దినం కూడా. సాయంత్రం పొలం పనులయ్యాక రెండు గంటలు. బతుకమ్మ పాటలు, విత్తనాల ముచ్చట, పిల్లలకి జ్వరమొస్తే ఏం చెయ్యాలి, ఊళ్ళో ముసలాయన చెప్పే కథ.

రేడియోలో పనిచేసే ఒకామె మాకు గది చూపించింది. గోడలకి మెత్తలు, మధ్యలో బల్ల, ఒక మైకు. నేను మాట మీద మాటగా, "మీరు రేడియో భాష ఎలా నేర్చుకున్నారు?" అని అడిగాను.

"రేడియో బాస ఏంది?"

వార్తల్లో మాట్లాడినట్టు... అని నసిగాను.

"గట్ల మాట్లాడితే మా అవ్వ, ఎవలో పరాయోళ్ళు అనుకుని బంద్ చేస్తది. ఇంట్ల మాట్లాడినట్టే మాట్లాడుతం. గదే పోతది."

ముప్ఫయ్యేళ్ళు పిల్లల కాంపోజిషన్ పుస్తకాల్లో ‘ఉండాది’ని కొట్టేసి ‘ఉంది’ అని రాశాను, ఎర్ర సిరాతో. నెల్లూరు యాసతో ఒంగోలు వచ్చిన నన్ను మొదటి ఏడాది స్టాఫ్‌రూములో వెక్కిరిస్తే నా యాస నేనే దిద్దుకున్నాను. ఈ మాట ఆమెకి చెప్పాను. ఆమె మైకు నా వైపు జరిపి, "మీ బాసల జర మాట్లాడు. ఎక్కియ్యం తీయ్, ఊకెనే" అంది. హెడ్‌ఫోన్లు తను పెట్టుకుంది.

ఏం మాట్లాడాలి? నోరు తెరిస్తే పుస్తకం తెలుగే వస్తోంది. రెండుసార్లు ఆగాను. చివరికి మా ఊరి రాత్రి బడి గురించి మొదలుపెట్టాను, "మా ఊళ్ళో వేపచెట్టు ఒకటుండాది" అని. ఆ మాట నా నోట విని మేనకోడలు నోరు తెరిచింది. మూడు నిమిషాలు మాట్లాడానట. తిరిగి వినిపించింది. మా అమ్మ గొంతులా ఉంది.

అందరికీ టీలు వచ్చాయి. మళ్ళీ కుర్చీ తెచ్చారు, నా మోకాళ్ళ సంగతి పస్తాపూర్ నుంచి అప్పుడే ఇక్కడికి చేరిపోయింది. వద్దంటే ఊరుకోలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళు పోయి ఎదురుగా ఎత్తు అరుగు మీద కూర్చున్నారు.

డిసెంబర్ 25, ఒంగోలు

పస్తాపూర్‌లో బయల్దేరేటప్పుడు ఆ పెద్దామె నా కొంగు చివర ఏదో మూటకట్టింది. ఇంటికొచ్చి విప్పితే తైదలు, ఒక పిడికెడు. వేపాకు రెబ్బ కూడా పెట్టింది. హార్లిక్స్ సీసా కడిగి ఎండబెట్టి అందులో పోశాను.

మా ఆయన చూసి, "ఏంటివి?" అన్నారు.

"అప్పు."

"ఎంత?"

"ఒక పిడికెడు. రెండు పిడికిళ్ళు తీర్చాలి."

ఆయన లెక్కలు అడగడం మొదలుపెట్టారు, నేను ఇంటి కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయని అడిగాను. సంభాషణ అంతటితో ఆగింది, ఇంకా అక్కడే ఉంది. డాబా మీద తొట్లలో మట్టి ఎంత పడుతుందో కొలవాలి.